చెరువు గట్టు నివాసుల సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

రోడ్లు, లైట్లు, పార్కింగ్ ఏ కాలనీ నివేదికలోనైనా ఉండేవే. వాటి సంగతి చివర్లో చెప్తాను. మనది నీటి ఒడ్డున ఉన్న కాలనీ కాబట్టి ముందు చెరువు గురించే మాట్లాడుకోవాలి. ఈ ఏడాది కార్యవర్గానికి వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ నీటి అంచున కనిపించినవే. ఒక్కొక్కటీ పట్టుకుని వెనక్కి వెళ్తే చాలాసార్లు మన ఇళ్ల వెనక సందుల్లోనో, డాబాల మీదో, వాననీటి కాలువలోనో తేలాం. అందుకే ఈసారి గట్టు మీద హంగుల కన్నా కాలువల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాం.

చేపలు చనిపోయిన వారం

వేసవి చివర్లో నాలుగైదు రోజులు వరసగా మబ్బు పట్టి, తర్వాత ఒక రాత్రి మొదటి పెద్ద వాన పడింది. తెల్లారేసరికి రేవు మెట్ల దగ్గర చేపలు తేలి ఉన్నాయి. ఎవరో విషం కలిపారని పుకారు లేచింది. ఆ పూట కాలనీ అంతా టెన్షనే. ఆ నీళ్లు తాగిన ఆవుల సంగతేమిటి, పిల్లల్ని గట్టు మీదికి పంపవచ్చా అంటూ ఫోన్లు ఆగలేదు.

అసలు జరిగింది వేరు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ మీదే చేపల ప్రాణం నిలుస్తుంది. నీరు వేడెక్కేకొద్దీ అది పట్టి ఉంచగలిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఉండగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదే నాచు, చేపలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. మబ్బు రోజుల్లో పగటి తయారీ కూడా పడిపోతుంది. దానిమీద మొదటి వాన రోడ్ల మీది మురికినంతా ఒక్కసారి తెచ్చి పోసి, అడుగు బురదను కలియబెట్టింది. ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే చాలా రకాల చేపలు బతకవు.

అంతకుముందు రోజు పొద్దున వాకింగ్‌కు వెళ్లినవాళ్లు చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ ఉండటం చూశారట. ఆడుకుంటున్నాయి అనుకున్నారు. అది ఊపిరాడని గుర్తు. ఇకముందు ఎవరికి కనిపించినా వెంటనే కార్యవర్గానికి చెప్పండి. ఆ సమయంలో గాలి పంపు పెట్టి నీటిని కదిలించినా కొన్ని చేపలు దక్కుతాయి.

చనిపోయిన చేపల్ని అదే రోజు తీసి గట్టుకు దూరంగా పాతిపెట్టించాం. నీళ్లలోనే వదిలేస్తే అవి కుళ్లి, మిగిలిన ఆక్సిజన్ కూడా పోతుంది. ఆ పనికి ఎవరూ పిలవకుండానే వచ్చి, వాసన భరించిన కుర్రాళ్లకు సంఘం రుణపడి ఉంది.

తర్వాత కాలువ వెంట పైకి నడిచాం. వానలేని రోజున వాననీటి కాలువ ఎండిపోయి ఉండాలి. మనది పారుతోంది. ఆ నీళ్లు నురుగుతో, సబ్బు వాసనతో ఉన్నాయి. వెతికితే కొన్ని ఇళ్ల వాషింగ్ మెషీన్ నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు డ్రైనేజీలోకి కాకుండా ఇందులోకి వస్తున్నాయని తేలింది. ఇల్లు కట్టినప్పుడు దగ్గర్లో ఉన్న కాలువలోకి పైపు కలిపేశారు, ఆ సంగతి ఇంటివాళ్లకే తెలియదు. తెలియగానే అందరూ పైపులు మార్పించుకున్నారు. ఎవరి మీదా కేసు లేదు, గొడవ లేదు. ఈ ఏడాది చెరువుకు జరిగిన అతిపెద్ద మేలు ఇదేనని నా ఉద్దేశం. బయటికి కనిపించని పని కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

గుర్రపుడెక్క

చెరువు మీద తేలుతూ పరుచుకునే గుర్రపుడెక్కను తీసే ఆదివారం పొద్దుటి శ్రమదానం ఏడాదంతా సాగింది. గుర్రపుడెక్క మన నేల మొక్క కాదు, దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం నుంచి పూల అందం చూసి లోకమంతా తీసుకెళ్లారు. అనుకూలమైన నీళ్లు దొరికితే రెండు వారాల్లోనే రెట్టింపు అవుతుంది. విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. కాబట్టి ఒకసారి తీసేశాం, పని అయిపోయింది అనుకోవడానికి లేదు. పూత విత్తనంగా మారకముందే తీయడం ముఖ్యం.

కొత్తగా వచ్చేవాళ్ల కోసం పని పద్ధతి చెప్తాను. మొక్కను ఆకు పట్టుకుని లాగితే కాడ తెగి చేతికి వస్తుంది, మిగిలింది మళ్లీ చిగురిస్తుంది. పొడుగు కర్రకు పళ్ల దంతె కట్టి, వేళ్ల కిందినుంచి పట్టి, తెప్పలా మొత్తంగా ఒడ్డుకు లాగాలి. ఇద్దరు నీళ్లవైపు తాడు పట్టుకుంటే పక్కకు జారిపోదు. మొక్క బరువులో తొంభై శాతానికి పైగా నీరే కాబట్టి చూడటానికి కొంచెంగా ఉన్నా ఎత్తితే నడుము పట్టేస్తుంది. ముందు గట్టు మీద కాసేపు వాడనిచ్చి, తర్వాత మోయండి. కుప్ప మాత్రం గట్టు వాలు మీద పెట్టొద్దు. కుళ్లిన రసం వానకు మళ్లీ చెరువులోకే చేరి, వచ్చే పంటకు ఎరువవుతుంది. గట్టు అవతలి వైపు గుంటలో వేసి కంపోస్టు చేస్తున్నాం.

మందు కొడితే ఒక్క రోజులో పోతుంది కదా అని కొందరు సభ్యులు గట్టిగా అడిగారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. ఒకేసారి చచ్చిన మొక్కలన్నీ అడుగుకు దిగి కుళ్లుతాయి, మళ్లీ ఆక్సిజన్ పడిపోతుంది, వేసవిలో చూసిందే ఇంకా పెద్ద ఎత్తున చూస్తాం.

తూము పక్క మూలలో పని రెండు నెలలు ఆపేశాం. అక్కడ మునుగుడు కోడి గూడు కట్టింది. కుళ్లిన ఆకులు, కాడలు పేర్చి నీటి మీద తేలేలా కట్టే గూడు అది. తల్లి మేతకు వెళ్లేటప్పుడు తడి ఆకులతో గుడ్లు కప్పేసి వెళ్తుంది, చూసేవాళ్లకు చెత్తకుప్పలా ఉంటుంది. మొదటి రోజు మనవాళ్ల దంతె దాదాపు దాని మీదికి వెళ్లింది. ఆకుల సందులోంచి గుడ్డు కనిపెట్టిన అమ్మాయి గట్టిగా అరిచి ఆపింది. పిల్లలు బయటికొచ్చి తల్లి వీపెక్కి తిరుగుతుంటే గట్టు మీద రోజూ చిన్న జనం చేరేవారు.

లైట్ల చుట్టూ ముసిరే పురుగులు

సాయంత్రం వీధిలైట్ల చుట్టూ దోమల గుంపు ఉంటోంది, ఫాగింగ్ చేయించండి అని వచ్చిన ఫిర్యాదులకు లెక్కలేదు. మన కాలనీలోనే ఉండే రిటైర్డ్ సైన్స్ మాస్టారు వాటిని గాజు సీసాలో పట్టి, భూతద్దం ఇచ్చి చూపించారు. ఇవి దోమల్లా ఉంటాయి గానీ దోమలు కావు. కుట్టడానికి పొడుగు సూది నోరు ఉండదు. వాలినప్పుడు ముందు కాళ్లు ఎత్తి పెడతాయి. వీటి పిల్లలు అడుగు బురదలో ఎర్రటి సన్న పురుగుల్లా ఉంటాయి. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే వాటిలోనూ ఉంటుంది, ఆక్సిజన్ తక్కువున్న బురదలో అవి బతికేది దానివల్లే. చేపలకు, పిట్టలకు అవి మంచి తిండి.

కాబట్టి ఫాగింగ్ బదులు గట్టు వెంట తెల్లటి లైట్లు తీసి, వెలుతురు కిందికి మాత్రమే పడే పసుపు లైట్లు పెట్టించాం. గుంపులు బాగా తగ్గాయి.

మరి కుట్టే దోమలు? డెంగీ తెచ్చే దోమ చెరువులో పెరగదు. మన డాబా మీది డ్రమ్ములో, కుండీ కింది పళ్లెంలో, పాత టైరులో నిలిచిన నీళ్లే దానికి కావాలి. గుడ్డు నుంచి దోమ అవడానికి సుమారు 8 నుంచి 10 రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి నీళ్లు పారబోయమని అంటారు. పారబోస్తే సరిపోదు, లోపలి గోడను రుద్ది కడగాలి. గోడకు అంటుకున్న గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ నీరు తగలగానే పగులుతాయి. ఈ పని సంఘం చేసిపెట్టగలిగింది కాదు, ఏ ఇంటివాళ్లు ఆ ఇంట్లో చేసుకోవాలి.

దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు తెచ్చి చెరువులో వదలమని కూడా కొందరు సూచించారు. బయటినుంచి తెచ్చిన ఆ చేప ఇతర చేపల పిల్లల్ని, కప్ప పిల్లల్ని కూడా తింటుంది. ఒకసారి చెరువులో స్థిరపడితే వెనక్కి తీయలేం. అందుకని వద్దనుకున్నాం.

నీళ్ల దగ్గర జాగ్రత్త

వానాకాలం మొదట్లో పాచి పట్టిన మెట్టు మీద ఒక బాబు జారి నీళ్లలో పడ్డాడు. అరుపు లేదు, చేతులు ఊపడం లేదు. పక్క బెంచీ మీద కూర్చున్నవాళ్లకే తెలియలేదు. బట్టలు ఉతుకుతున్న ఒక అక్క చూసి, చేతిలో ఉన్న చీర కొస విసిరి లాగింది. బాబు క్షేమం. ఆమె పేరు ఇక్కడ రాయొద్దంది, కానీ ఈ నివేదికలో ఆమెకు చోటు లేకపోతే ఇంక దేనికీ చోటు ఉండకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో నీట మునిగి చనిపోయినవాళ్లు దాదాపు 3 లక్షలు. వాళ్లలో సుమారు నాలుగో వంతు అయిదేళ్లలోపు పిల్లలు. ఐక్యరాజ్యసమితి ఆ ఏడాది నుంచే జులై 25ను మునక ప్రమాదాల నివారణ దినంగా జరుపుతోంది. మనం ఆ రోజున గట్టు మీదే శిక్షణ పెట్టించాం. ఒక నర్సు బొమ్మ మీద చేసి చూపించారు. రానివాళ్ల కోసం ముఖ్యమైనవి రాస్తున్నాను.

మునుగుతున్న మనిషి సాధారణంగా కేక వేయలేడు, ఊపిరి పీల్చుకోవడానికే నోరు చాలదు. మీకు ఈత వచ్చినా వెంటనే దూకొద్దు. కర్ర అందించండి, తాడో ట్యూబో ఖాళీ డబ్బానో విసరండి. బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా ఎత్తి తిప్పడం చేయొద్దు. విలువైన సమయం పోతుంది, పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. శ్వాస లేకపోతే అంబులెన్సుకు ఫోన్ చేయిస్తూనే ముందు నోటితో ఊపిరి ఇవ్వాలి. ఆ తర్వాత ఛాతీ నడిమధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. 30 సార్లు నొక్కాక 2 సార్లు ఊపిరి, అలా సాయం వచ్చేదాకా. మునిగినవాళ్ల విషయంలో కొరత గాలిది, అందుకే ఊపిరి ఇవ్వడం వదిలేయకూడదు.

రేవు మెట్ల దగ్గర, తూము దగ్గర స్తంభాలకు తాడు కట్టిన ట్యూబులు తగిలించాం. దయచేసి ఆ తాళ్ల మీద బట్టలు ఆరేయొద్దు, పిల్లలు ఆటకు తీయకుండా చూడండి. మెట్ల పాచిని ప్రతి పక్షం గీకిస్తున్నాం.

అవతలి ఒడ్డు చప్పుడు

రాత్రిళ్లు అవతలి గట్టు మైకు మన పడగ్గదిలో ఉన్నట్టు వినిపిస్తోందని చాలామంది బాధపడ్డారు. అది నిజమే. రాత్రి నీటి మీది గాలి చల్లగా, పైగాలి కొంచెం వెచ్చగా ఉంటే శబ్దం పైకి పోకుండా కిందికి వంగి నీటి మీదుగా చాలా దూరం వస్తుంది. ఫిర్యాదు పెట్టే ముందు వాళ్ల పెద్దలతో కూర్చుందామని వెళ్లాం. తెల్లారకముందే మనవాళ్లు ఫోన్లలో పెట్టే పాటలు వాళ్లకు అలాగే వినిపిస్తున్నాయని వాళ్లు చెప్పారు. స్పీకర్లు ఎవరూ నీటివైపు తిప్పకూడదని, రాత్రి పదికి ఆపేయాలని, పొద్దున వాకింగ్‌లో ఇయర్‌ఫోన్లే వాడాలని రెండు గట్ల వాళ్లం ఒప్పుకున్నాం. అప్పటినుంచి పండగ రోజుల్లో తప్ప మాట నిలిచింది.

పిల్లల లెక్క

1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ శాస్త్రవేత్త సముద్రం నీటి తేటదనం కొలవడానికి తెల్లటి పళ్లెం నీళ్లలోకి దించి చూశాడు. చెరువుల్లో ఇప్పటికీ 20 సెంటీమీటర్ల వెడల్పున్న నలుపు తెలుపు పళ్లెంతో అదే పని చేస్తారు. మన హైస్కూలు పిల్లలు పాత డబ్బా మూతకు రంగు వేసి, గుర్తులు పెట్టిన తాడు కట్టి, పెద్దవాళ్ల తోడుతో నెలనెలా కొలుస్తున్నారు. పళ్లెం కనిపించకుండా పోయే లోతు ఎంత ఎక్కువైతే నీరు అంత తేట. కాలువ కలిసే చోట నీరు ఎప్పుడూ తూము దగ్గరి కన్నా మురికిగానే ఉంటోందని వాళ్ల నోట్‌బుక్ చెబుతోంది. కింది ప్రతిపాదనకు ఆధారం ఆ నోట్‌బుక్కే.

మిగతావి, సమావేశం

రెండు బెంచీలు బాగుచేయించాం. వారాంతపు బండ్ల పార్కింగ్ గట్టు మీదినుంచి వెనక రోడ్డుకు మార్చాం. గాలం తీగలో కాలు చిక్కుకున్న నీటికాకిని విడిపించాక, తెగిన తీగలు వేయడానికి రేవు దగ్గర పైపు డబ్బా పెట్టాం. జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపుతున్నారు, బిల్లులు ఆఫీసులో ఎవరైనా చూడవచ్చు.

సర్వసభ్య సమావేశంలో రెండు విషయాల మీద ఓటింగ్ ఉంటుంది. ఒకటి, కాలువ చెరువులో కలిసే ముందు ఇసుక, చెత్త ఆగేలా పూడిక గుంట తవ్వడం. రెండోది, గట్టు పొడవునా కాంక్రీటు గోడ కట్టాలని కొందరు సభ్యులు ఇచ్చిన అర్జీ. గోడ వద్దని కార్యవర్గం అభిప్రాయం. నిటారు గోడకు తగిలిన అల తిరిగి కొట్టి అడుగు మట్టిని కోస్తుంది. వాలు గట్టు మీద జమ్ముగడ్డి ఉంటే అల అందులోనే చచ్చిపోతుంది, వేళ్లు మట్టిని పట్టుకుంటాయి, జారిపడ్డ మనిషీ పైకి ఎక్కగలడు. అర్జీ పెట్టినవాళ్లు తమ వాదన చెప్పడానికి ముందే సమయం కేటాయించాం.

రాలేనివాళ్లు తమ ఓటును ఇంటివాళ్లలో ఒకరి ద్వారా రాసి పంపవచ్చు. ఆదివారం పనికి, పిల్లల కొలతలకు తోడుగా ఉండటానికి పేర్లు ఇచ్చేవాళ్లు ఆఫీసు నోటీసు బోర్డు దగ్గరున్న పుస్తకంలో రాయండి. తెల్లవారుజామున చెరువు చూసివచ్చే బాధ్యతకు మనుషులు అన్నిటికన్నా ఎక్కువ కావాలి.

కార్యదర్శి