పికప్ కావాలంటే ముందు కంప్రెషన్ చూడండి

సంపాదకులకు,

పాత కారుకు పది పదిహేను వేలల్లో పికప్ పెంచుతామంటూ ఫోన్లలో వచ్చే ప్రకటనలు నమ్మి మన జిల్లా కుర్రాళ్లు డబ్బు తగలేసుకుంటున్నారు. గాలిని వడకట్టే కోన్ ఫిల్టరు, లావుపాటి సైలెన్సరు, డీజిల్ బండైతే ఎక్కువ డీజిల్ కొట్టించే ట్యూనింగ్ బాక్సు. ఎక్కువగా అమ్మేది ఈ మూడే. లక్ష కిలోమీటర్లు దాటిన బండికి ముందు కావాల్సింది ఇవి కావు. కంపెనీ ఇచ్చిన శక్తిలో ఎంత పోయిందో కనుక్కుని దాన్ని తిరిగి రాబట్టాలి. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లకు దొరికే అసలు పవర్ అదే.

మొదట కంప్రెషన్ టెస్టు, అంటే పిస్టను సిలిండరులో గాలిని ఎంత గట్టిగా నొక్కుతుందో కొలవడం. ఇంజిన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు, కాయిల్ కనెక్టర్లు పీకేయాలి. బ్యాటరీ ఫుల్ చార్జిలో ఉండాలి. యాక్సిలరేటరు చివరిదాకా తొక్కిపట్టి ఒక్కో సిలిండరుకు గేజి పెట్టి ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. తొక్కడం మరిస్తే గాలి అందక బాగున్న ఇంజిన్ కూడా తక్కువ చూపిస్తుంది, అనవసరంగా హెడ్డు (సిలిండర్ల పై మూత) దించాల్సి వస్తుంది. మామూలు పెట్రోలు ఇంజిన్లలో చాలావాటికి 170 నుంచి 190 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) వస్తే బాగున్నట్టే. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే, తక్కువున్నదాంట్లో ఒక టీస్పూను ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. రీడింగు పెరిగితే పిస్టను రింగులో, బోరో (సిలిండరు లోపలి గోడ) అరిగినట్టు. పెరగకపోతే తప్పు వాల్వుల్లో (గాలి, పొగ వెళ్లే తలుపులు) ఉంది. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే హెడ్డు కింద ఉండే సీలును, అంటే హెడ్ గ్యాస్కెట్టును అనుమానించాలి.

గ్యాస్ కిట్టు బండ్లలో ట్యాపెట్లు, అంటే వాల్వు కాడ చివర వదిలే సన్నని గ్యాప్, మరీ ముఖ్యం. ఎగ్జాస్ట్ వాల్వు సీటు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే చోటు) అరిగి వాల్వు పైకి జరిగేకొద్దీ గ్యాప్ తగ్గిపోతుంది. గ్యాప్ పెరిగితే టకటకమని చప్పుడు వస్తుంది కాబట్టి ఓనరు పరుగెత్తుకొస్తాడు. తగ్గితే చప్పుడే ఉండదు. వాల్వు పూర్తిగా మూసుకోక అంచు కాలిపోయి, గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు మిస్సింగ్ (ఇంజిన్ తడబడటం) మొదలయ్యాక గానీ తెలియదు. స్క్రూ ట్యాపెట్లున్న బండి అయితే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజితో (సన్నని కొలత రేకులు), ఆ మోడల్ మాన్యువల్లో ఉన్న కొలతకు సరిచేయించుకోండి.

కోన్ ఫిల్టరు సంగతి. కంపెనీ ఇచ్చిన ఫిల్టరు బాక్సు బయటి గాలి పీలుస్తుంది. కోన్ ఫిల్టరు బానెట్ కింద వేడిగాలి పీలుస్తుంది. బయట 40 డిగ్రీలు, బానెట్ కింద 70 డిగ్రీలు అనుకుంటే అదే గాలి దాదాపు 9 శాతం పలచబడుతుంది. గాలి తగ్గాక పవర్ ఎక్కడినుంచి వస్తుంది? పెరిగేది చప్పుడొక్కటే. దానికి తోడు ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాళ్ల దుమ్ము, సిమెంటు దుమ్ము. చవకరకం కోన్ ఫిల్టరుతో కొన్నాళ్లు తిరిగిన బండి త్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) లోపల తెల్లగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను వేళ్ల మధ్య రుద్ది చూడండి, గరగరలాడుతుంది. బోరును గీకేది ఆ దుమ్మే.

హెడ్డు స్కిమ్మింగ్ (హెడ్డు అడుగు కోసి కంప్రెషన్ పెంచడం) మీద కూడా లేనిపోని ఆశలున్నాయి. 68.5 ఎంఎం బోరు (సిలిండరు వెడల్పు), 72 ఎంఎం స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) ఉన్న మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్నే తీసుకోండి. కంప్రెషన్ రేషియో (గాలిని ఎన్ని రెట్లు కుదిస్తుందో) 8.7 అయితే ఒక్కో చాంబరు (పిస్టను పైన మిగిలే చోటు) సుమారు 34.5 సీసీ. అర ఎంఎం కోసినా రేషియో 9 దాటి కొద్దిగా పోతుందంతే. హెడ్డు కిందికి దిగడంతో క్యామ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయం) కొంచెం వెనకబడుతుంది, వాల్వుకూ పిస్టనుకూ ఎడం తగ్గుతుంది, మన ఎండల్లో మామూలు పెట్రోలుతో నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలి ఇంజిన్ కొట్టుకోవడం) పట్టుకునే ప్రమాదమూ ఉంది. వంగిన హెడ్డును చదును చేయడానికైతే స్కిమ్మింగ్ సరే, పవర్ కోసమైతే వద్దు.

డీజిల్ ట్యూనింగ్ బాక్సుల్లో చవకవి చాలావరకు డీజిల్ రైలులో (ఇంజెక్టర్లకు డీజిల్ ఇచ్చే గొట్టం) ప్రెషరు తక్కువుందని ఈసీయూకు, అంటే ఇంజిన్ కంప్యూటరుకు, అబద్ధం చెబుతాయి. ఈసీయూ ప్రెషరు పెంచి ఎక్కువ డీజిల్ కొడుతుంది, గాలి మాత్రం అంతే. నల్లపొగ, ఎగ్జాస్ట్ వేడి, ముందు క్లచ్ ప్లేటు, తర్వాత గాలి నెట్టే టర్బో పోతాయి.

టైర్లను ఎవరూ పట్టించుకోరు. 145/80 ఆర్12 (12 అంగుళాల రిమ్ము) టైరు తీసి 155/80 ఆర్13 వేస్తే చక్రం చుట్టుకొలత దాదాపు 8 శాతం పెరుగుతుంది, ప్రతి గేరులోనూ లాగుడు ఆ మేరకు తగ్గుతుంది. 13 అంగుళాల రిమ్ములే కావాలంటే 155/65 పాత చుట్టుకొలతకు దగ్గరగా ఉంటుంది. లోడ్ రేటింగ్ (టైరు మోయగల బరువు) కూడా సరిచూసుకోండి.

బడ్జెట్‌లో మొదటి వాటా మాత్రం బ్రేకులదే. ప్యాడ్లు, హోసులు, కంపెనీ చెప్పిన గ్రేడు కొత్త బ్రేక్ ఆయిల్. ఆ ఆయిల్ తేమ పీలుస్తుంది. పాతబడితే ఘాట్ దిగేటప్పుడు మరిగి పెడల్ నేలకంటుతుంది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో మార్చిన 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఏ మార్పు చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది రవాణా శాఖ తెలుగులో రాసి మన జిల్లా ఆఫీసుల్లో గోడకు అంటించాలని కోరుతున్నాం. గ్యారేజీలు కూడా పని మొదలుపెట్టే ముందు, అయ్యాక తీసిన కంప్రెషన్ రీడింగులు బిల్లు మీదే రాసివ్వాలి. ఓనర్లు అడిగి మరీ రాయించుకోవాలి.

– కొందరు కార్ల మెకానిక్కులు, కడప