కొండ మీద ఫ్యాన్లు వద్దనాలంటే స్కేలు పట్టుకోవాలి

ఎడిన్‌బరో

చిన్నాన్నకి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. పిన్నికి మోకాలి నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు, సంతోషం. మన వెనక కొండ మీద గాలి కొలిచే స్తంభం పాతారని, రేపు గాలి విద్యుత్తు ఫ్యాన్లు లేస్తే మహేంద్రగిరి వైపు చూపంతా చెడిపోతుందని ఊళ్లో గోలగా ఉందట కదా. స్కాట్లండ్‌లో ఇలాంటివి ఎలా అడ్డుకుంటారో రాయమన్నారు. రోజూ నేను చూసేవి ఈ ఫైళ్లే కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

“మా ఊరి అందం పోతుంది” అని రాసిన అర్జీకి ఇక్కడా విలువ లేదు. ఎవరింటి కిటికీలోంచి కనబడే కొండ మీదా వాళ్లకి చట్టంలో హక్కు లేదు. ఇంటి ధర పడిపోతుందన్నా లెక్కలోకి తీసుకోరు. ఫ్యాన్లు మరీ మీద పడ్డట్టు ఉండి ఆ ఇంట్లో కాపురమే కష్టమయ్యేలా ఉంటే తప్ప సొంత చూపు సంగతి ఎత్తరు. లెక్కకొచ్చేది పదిమంది నిలబడే చోటు: నడకదారి, కొండకొమ్ము, పాత కట్టడం. మన దగ్గరైతే గుడిమెట్లు, చెరువుగట్టు, బడి ఆవరణ, బస్సు ఆగే చోటు అనుకోండి. ఆ చోట నిలబడితే ఏ దిక్కున, ఎన్ని, ఎంత ఎత్తున కనబడతాయో చూపించిన అర్జీకి మాత్రం ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదు.

ఇక్కడి నియమం కూడా ఏమంత మెత్తగా లేదు. 2023 ఫిబ్రవరి నుంచి స్కాట్లండ్‌లో అమల్లో ఉన్న జాతీయ భూవినియోగ ప్రణాళిక ప్రకారం జాతీయ పార్కుల్లోనూ, జాతీయ సుందర ప్రాంతాలని గుర్తించిన 40 చోట్లా ఫ్యాన్లకి చోటు లేదు. అవి కాని చోట దృశ్యం మీద గట్టి ప్రభావం పడడం మామూలేనని, అది చుట్టుపక్కలకే పరిమితమైతే సాధారణంగా ఒప్పుకోవచ్చని అదే కాగితం చెబుతుంది. అంచేత ఇక్కడ తెలివిగా అభ్యంతరం రాసేవాళ్లు “కనబడుతుంది” అని ఆగిపోరు, “ఇది చుట్టుపక్కలతో ఆగేది కాదు” అని రుజువు చేస్తారు. 50 మెగావాట్లు దాటిన దరఖాస్తు నేరుగా ప్రభుత్వానికి వెళ్తుంది. గడువులోగా స్థానిక కౌన్సిల్ అభ్యంతరం చెప్పిందంటే సంగతి బహిరంగ విచారణ దాకా వెళ్లవచ్చు. అందుకే ఇక్కడి జనం ముందు కౌన్సిలర్లని పట్టుకుంటారు. ఒకే ఉత్తరం జెరాక్సు తీసి మూడొందల సంతకాలతో పంపితే సంఖ్య పెరుగుతుంది గాని బరువు పెరగదు.

ఇక కొలత. ఇప్పుడు మన దేశంలో వేస్తున్న ఫ్యాన్లలో ఇరుసు ఎత్తు 140 మీటర్లు, రెక్కల చుట్టు వ్యాసం 144 మీటర్లు ఉన్నవి మామూలే. అంటే రెక్క కొస నిటారుగా లేచినప్పుడు 212 మీటర్లు. చెయ్యి చాచి పిల్లల స్కేలు నిలువుగా పట్టుకోండి, కంటికి స్కేలుకి మధ్య సుమారు 60 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ ఫ్యాను 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే స్కేలు మీద 1.3 సెంటీమీటర్లు. 5 కిలోమీటర్లకి రెండున్నర. 2 కిలోమీటర్లకి 6.4. అంటే 200 మీటర్ల అవతలున్న నిండు కొబ్బరిచెట్టు ఎంత కనబడుతుందో ఇంచుమించు అంత. కేంద్ర ప్రభుత్వ 2016 మార్గదర్శకాల్లో ఇళ్లకి 500 మీటర్లు వదలాలని ఉంది. ఆ 500 మీటర్ల దగ్గర స్కేలు మీద 25 సెంటీమీటర్లు వస్తుంది! ఆ దూరం పెట్టింది చప్పుడు కోసం, చూపు కోసం కాదు. రోడ్డుకి వదలాల్సింది ఇంకా తక్కువ: ఇరుసు ఎత్తు, సగం వ్యాసం, మరో 5 మీటర్లు కలిపి మన లెక్కకి 217 మీటర్లు.

కంపెనీవాళ్లు బొమ్మలు చూపిస్తే వాటిని నమ్మే ముందు ఏ లెన్సుతో తీశారో అడగండి. ఫోను మామూలు కెమెరా వెడల్పుగా పడుతుంది, ఎదురుగా గోడలా నిలబడ్డ కొండ అందులో పుట్టలా తేలుతుంది. అందుకే ఇక్కడ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 50 మిల్లీమీటర్ల లెన్సు, స్టాండు, నేలకి మీటరున్నర ఎత్తు అని కట్టడి చేశారు. తీసిన చోటు మ్యాపులో ఎక్కడో, తేదీ, వేళ, దిక్కు బొమ్మ కిందే రాయాలి. ఇంకో రెండు చోట్ల మోసం జరుగుతుంది. తెల్ల మబ్బు ముందు తెల్ల ఫ్యాను పెడితే కంటికి ఆనదు. చెట్టు చాటునో పల్లంలోనో నిలబడి తీస్తే సగం ఫ్యాన్లు మాయం. అదే దారిలో ఏభై అడుగులు పక్కకి జరిగితే అన్నీ కనబడతాయి.

మీకు ఒక మంచి సాధనం కొండ మీదే ఉంది. ఆ గాలి స్తంభం ఎత్తు ఎంతో అడిగి తెలుసుకోండి. 120 మీటర్లనుకుంటే, ఫోటోలో స్తంభం పొడవుకి ముప్పావు వంతు పైన కలిపి గీత గీస్తే రెక్క కొస ఎక్కడికి వస్తుందో తెలిసిపోతుంది. స్తంభం సన్నం కాబట్టి దూరం నుంచి కనబడకపోవచ్చు, జూమ్ చేసి తీయండి, తర్వాత అదే చోట జూమ్ లేకుండా ఇంకోటి. వేసవి మసకలో వద్దు. వానలు వెళ్లాక అక్టోబరు, నవంబరు పొద్దుటిపూట మహేంద్రగిరి అంచు గీసినట్టు కనబడుతుంది, అప్పుడు తీయాలి.

ఇక్కడ 150 మీటర్లు దాటిన ఫ్యాన్లకి రాత్రి ఎర్ర దీపాలు తప్పనిసరి, విమానాల కోసం. పగలు సర్దుకుపోయినవాళ్లు కూడా చీకటిపడ్డాక ఆ దీపాల వరసకి గొణుగుతారు. మన దగ్గర ఎన్ని దీపాలు, ఎంత వెలుగువి పెడతారో ముందే రాతలో తీసుకోండి.

చాలామంది మరిచిపోయేది రోడ్డు. ఒక్కో రెక్క 70 మీటర్లు, ఒకే ముక్కగా కొండెక్కాలి. మలుపుల్ని వెడల్పు చేయాలి, వాలు తగ్గించడానికి కొండని కోయాలి, ప్రతి ఫ్యాను దగ్గరా క్రేను నిలబడడానికి చదును చేయాలి, పునాది ఒక్కోదానికి వందల ఘనమీటర్ల కాంక్రీటు. బొమ్మల్లో ఫ్యాన్లు ఉంటాయి, ఆ కోతలు ఉండవు. మన ఎర్రమట్టి కొండకి అలాంటి గాటు పెడితే మైళ్ల దూరానికి కనబడుతుంది. ఒక్క పెద్ద వానకి ఆ మట్టి దిగి చెరువులో మేట వేస్తుంది. పాతికేళ్ల తర్వాత ఫ్యాను విప్పుకుపోయినా రోడ్డు, పునాది అక్కడే ఉంటాయి. నా మటుకు, మన కొండకి ఫ్యాను కన్నా రోడ్డే పెద్ద దెబ్బ.

మన చట్టం సంగతి కుదించి చెబుతాను. గాలి విద్యుత్తు 2006 పర్యావరణ నోటిఫికేషన్ జాబితాలో లేదు, కాబట్టి థర్మల్ ప్లాంటుకి జరిగినట్టు ప్రజాభిప్రాయ సేకరణ జరపరు. పురావస్తు చట్టం కింద రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కట్టడాలు నిషేధం, ఆపైన 200 మీటర్లు అనుమతితో. అంటే శాలిహుండం, ముఖలింగం లాంటి చోట్ల కూడా కిలోమీటరు అవతల ఫ్యాను లేస్తే ఆ చట్టం అందుకోదు. చూపు ఒక్కటే పట్టుకుంటే ఓడిపోతాం. సోంపేట బీల దగ్గర థర్మల్ ప్లాంటుని ఎదిరించినప్పుడు కూడా వాదన నిలబడింది ఆ తడినేల, దాని మీద బతికే జనం మీదే. 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగిన రోజే ఆ ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయింది.

అందుకని మొదట తహసీల్దారు ఆఫీసులో, నెడ్‌క్యాప్‌లో (రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ) సమాచార హక్కు అర్జీలు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. సర్వే నెంబర్లు, అది కొండ పోరంబోకా, డి-పట్టానా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమా), రిజర్వు అడవా, ఎన్ని ఫ్యాన్లు, ఒక్కోదాని అక్షాంశ రేఖాంశాలు, రోడ్డు ప్లాను అడగండి. రిజర్వు అడవైతే కేంద్ర అటవీ అనుమతి వేరే కావాలి, అది పెద్ద అడ్డు. తేలినీలాపురం వచ్చే పక్షులు ఎగిరే దారిలో ఉందా అని కూడా అడగాలి. ఇక్కడైతే రెండేళ్లు పక్షుల లెక్క తీస్తారు. తుపానుకి గ్రిడ్ పోతే ఫ్యాను తలని గాలికి ఎదురు తిప్పే మోటారు ఆగుతుంది. తిత్లీ నాటి సంగతి మీకు చెప్పక్కర్లేదు, బ్యాకప్ ఎన్ని గంటలో రాయించుకోండి.

ఫ్యాన్లంటే నాకు పగ లేదు, బొగ్గు పొగ కన్నా వెయ్యిరెట్లు నయం. కాబట్టి “వద్దు” కన్నా “ఫలానా నెంబరు తీసెయ్యండి, ఫలానాది శిఖరం మీంచి వెనక్కి దింపండి” అంటే బేరం కుదురుతుంది. ఇక్కడ చాలా దరఖాస్తులు అలాగే మారతాయి. దింపితే పూర్తిగా మరుగుపడేదాకా దింపమనండి. కొండ వెనక నుంచి రెక్క కొసలు మాత్రం లేచి పడుతుంటే మొత్తం కనబడేదాని కన్నా చిరాకు.

గుడిమెట్లు, చెరువుగట్టు, బడి, మూడు చోట్ల ఫోటోలు, స్తంభం ఎత్తు తమ్ముడి చేత పంపించండి. గ్రామసభకి పెట్టే బొమ్మలు నేను గీసి పంపుతాను. పిన్నికి నా నమస్కారాలు, గుంటలకి ముద్దులు.

ఇట్లు,
మీ శ్రీను