స్క్రిప్టు అమ్మేవాళ్లు ఏం సరిచూశారో చెప్పాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ బిజినెస్ పేజీలో, షేర్లు ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో చెప్పే చిన్న ప్రోగ్రామును, అంటే ట్రేడింగ్ స్క్రిప్టును, ఏఐతో రాయించుకోవచ్చంటూ వచ్చిన వ్యాసం చదివాను. స్క్రిప్టులో వాడే ఫంక్షన్ల (లెక్కలు చేసిపెట్టే రెడీమేడ్ ఆదేశాల) పేర్లు ఒక ఆటోమేటిక్ టూల్‌తో సరిచూసుకుంటే చాలు, ఇక భయం లేదని అందులో రాశారు. ఆ ‘చాలు’ దగ్గరే నాకు అభ్యంతరం. నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, పొద్దున లేస్తే ఇలాంటి టూల్స్‌తోనే పని, కాబట్టి అవి వద్దని అనను. పేర్లు సరిచూడకుండా స్క్రిప్టు ఎవరి చేతికీ ఇవ్వకూడదనే అంటాను. కానీ అవి ఏం చూస్తాయో, ఏం చూడవో మీ పేపర్ చదివి డబ్బు పెట్టేవాళ్లకు తెలియాలి కదా.

ముందు టూల్ ఎందుకు కావాలో చెప్తాను. ట్రేడింగ్‌వ్యూ అనే చార్టుల వెబ్‌సైటులో స్క్రిప్టులు రాసే భాష అయిన పైన్ స్క్రిప్ట్‌కు 2021లో ఐదో వెర్షన్ వచ్చినప్పుడు రోజూ వాడే పేర్లే చాలా మారిపోయాయి. అంతకుముందు సగటు ధర లెక్కకు ఎస్ఎంఏ అని రాస్తే సరిపోయేది, తర్వాత టీఏ డాట్ ఎస్ఎంఏ అని రాయాల్సి వచ్చింది, స్టడీ పోయి ఇండికేటర్ వచ్చింది, సెక్యూరిటీ కాస్తా రిక్వెస్ట్ డాట్ సెక్యూరిటీ అయింది. 2024 నవంబరులో ఆరో వెర్షన్ కూడా వచ్చేసింది. నెట్‌లో చూస్తే పాత కోడు కుప్పలుతెప్పలుగా పడి ఉంది, ఏఐ అదంతా చదువుకుని పాతా కొత్తా కలిపి రాసిస్తుంది, ఒక్కోసారి లేని పేర్లు కూడా పుట్టిస్తుంది. ధరల కదలిక ఎంత బలంగా ఉందో చెప్పే ఏడీఎక్స్ అనే లెక్కకు టీఏ డాట్ ఏడీఎక్స్ అని ధీమాగా రాసేస్తుంది. అలాంటి ఫంక్షనే లేదు. ఏడీఎక్స్ కావాలంటే టీఏ డాట్ డీఎంఐని పిలిచి, అదిచ్చే మూడు విలువల్లో చివరిది తీసుకోవాలి.

మా అపార్ట్‌మెంట్‌లో డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌కు ఫీజు కట్టి, వాళ్లిచ్చిన స్క్రిప్టు తెచ్చుకున్నాడు. పేస్ట్ చేస్తే అన్నీ ఎర్రర్లే. ఫోన్ చేసి అడిగితే నీ ల్యాప్‌టాప్‌లోనే ఏదో తేడా ఉందన్నారట. నేను ఫైలు తెరిచి చూస్తే పైన వెర్షన్ చెప్పే లైనే లేదు! ఆ లైను లేకపోతే, కోడును చదివి నడిపించే కంపైలర్ దాన్ని ఒకటో వెర్షన్ కింద లెక్కేసుకుంటుంది, దాంతో ఇప్పటి పేర్లు కూడా తప్పుగానే కనిపిస్తాయి. ఇలాంటివి పట్టుకునే టూల్ రాయడం పెద్ద పనేం కాదు. వెర్షన్ చూసుకోవాలి, కామెంట్లు, కోట్స్‌లో ఉన్న మాటలు పక్కన పెట్టాలి, బ్రాకెట్ ముందు ఉన్న పేర్లు ఏరుకోవాలి, స్క్రిప్టు రాసినవాళ్లు సొంతంగా పెట్టుకున్న ఫంక్షన్లు తీసేసి మిగతావి ఆ వెర్షన్ మాన్యువల్‌లోని జాబితాతో పోల్చాలి. అంతే. పిల్లల దగ్గర ఫీజు తీసుకునేవాళ్లు ఈ మాత్రం కూడా చేయకపోవడం అన్యాయం.

ఇక మీ వ్యాసం వదిలేసిన సంగతి. పేరు తప్పయితే కంపైలరే ఆపేస్తుంది, స్క్రిప్టు నడవదు, డబ్బు పోదు. డబ్బు పోయేది పేరు సరిగ్గా ఉండి అర్థం మారినప్పుడు. మన దగ్గర చాలామంది అమీబ్రోకర్ అనే ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ వాడతారు, దాని భాష ఏఎఫ్ఎల్. రోజువారీ చార్టు మీద పైన్‌లో క్లోజ్ పక్కన బ్రాకెట్‌లో 1 అని వేస్తే నిన్నటి ముగింపు ధర. ఏఎఫ్ఎల్‌లో అదే పనికి రెఫ్ అనే ఫంక్షన్ ఉంది, కానీ దానికి మైనస్ 1 ఇస్తేనే నిన్నటిది, ఉత్త 1 ఇస్తే రేపటిది. ఇప్పుడు ‘నిన్నటికంటే ఈరోజు ధర తగ్గితే కొను’ అనే పైన్ స్క్రిప్టును ఏఎఫ్ఎల్‌లోకి మార్చేటప్పుడు ఆ మైనస్ ఎగిరిపోయిందనుకోండి, అది ‘రేపటికంటే ఈరోజు ధర తక్కువుంటే కొను’ అయిపోతుంది. పాత డేటా మీద నడిపి చూస్తే, అంటే బ్యాక్‌టెస్ట్ చేస్తే, లాభాలే లాభాలు, ఎందుకంటే పెరగబోయే రోజులే ఏరి కొంటోంది. రెఫ్ అనే పేరు జాబితాలో ఉంది కాబట్టి పేర్ల టూల్ అంతా బాగుందంటుంది. ఆ బ్యాక్‌టెస్ట్ స్క్రీన్‌షాట్‌నే వాట్సాప్‌లో పెట్టి అమ్ముతారు. రేపటి ధర తెలియని మనిషి ఆ స్క్రిప్టు నమ్ముకుని అసలు డబ్బుతో దిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా? స్క్రిప్టు రాబోయే ధరల్ని వాడుతోందా అని చూసే చెక్ అమీబ్రోకర్‌లోనే ఉంది, అమ్మేముందు దాన్ని నడిపితే ఇది దొరికిపోతుంది.

2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఈక్విటీ ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్)లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారనీ, ఆ నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందనీ షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీయే 2024 సెప్టెంబరులో చెప్పింది. అదంతా స్క్రిప్టుల వల్లేనని నేననను. కానీ ఆ అమీర్‌పేట స్క్రిప్టు కొన్న అబ్బాయి అడుగుపెట్టబోతున్నది ఆ మార్కెట్‌లోకే, అదీ వాళ్ల నాన్న డబ్బుతో.

అందుకని స్క్రిప్టులు అమ్మేవాళ్లు ‘వెరిఫైడ్’ అని ముద్ర వేసి ఊరుకోకుండా, ఏ వెర్షన్‌కు రాశారో, పేర్లు మాత్రమే సరిచూశారో, రాబోయే ధరలు వాడటం లేదని కూడా చూశారో విడివిడిగా రాసివ్వాలి. కొనేవాళ్లు కూడా మొహమాటం లేకుండా అడగాలి. మీరు ఆ వ్యాసంలోని ‘చాలు’ను సవరించి, వచ్చే ఆదివారం అదే పేజీలో వేయండి. ఇకమీద స్క్రిప్టు అచ్చేస్తే దానితోపాటు వెర్షన్ నంబరు కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మూసాపేట, హైదరాబాద్