ఆ హెర్బల్ సీసాలో ఏముందో రాయించండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది షాద్‌నగర్ దగ్గర పల్లె, ఐదు వేల కోళ్ళ షెడ్డు. పిల్లలు, మేత, మందులు కంపెనీవి, షెడ్డు, కరెంటు, చాకిరీ మనవి, 40 రోజులకి రెండు కేజీలు దాటాక బండొచ్చి తూకం వేసుకుపోతే కిలోకి ఇంత అని గ్రోయింగ్ చార్జి ఇస్తారు. చికెన్‌లో యాంటీబయాటిక్స్ అని పేపర్లో వచ్చినప్పుడల్లా తిట్లు మాత్రం రైతుకే, మేతలో ఏం కలిపారు అని సూపర్‌వైజర్‌ని అడిగితే "నీకెందుకన్నా" అంటాడు.

రోగం లేకున్నా బరువు తొందరగా రావాలని మేతలో యాంటీబయాటిక్ రోజూ కొంచెం కొంచెం కలిపేవాళ్ళు, ఆ కొంచెం డోసుకి చావని బ్యాక్టీరియానే ముదిరి మందుకి లొంగకుండా పోతుంది. యూరప్‌లో 2006 నుంచే అది బంద్. మన దగ్గర కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని కోళ్ళకి వాడకుండా 2019 జులైలో ఆపారు, ఆస్పత్రిలో వేరే మందులు పనిచేయనప్పుడు ఆఖర్న ఇచ్చే మందు అది, దాన్ని కోళ్ళకి పోశాం!

వాటికి బదులు ఇప్పుడందరూ వాము, వెల్లుల్లి, పసుపు, నేలవేము అంటున్నారు. నేనూ పోయిన ఎండాకాలం వాము, వెల్లుల్లి మరగబెట్టి ట్యాంకులో పోశా, సరిగ్గా వడకట్టలేదు, నలకలు పోయి కోళ్ళు నీళ్ళు తాగే నిప్పుల్స్ జామై సగం షెడ్డుకి మధ్యాహ్నం దాకా నీళ్ళు లేవు, మా ఆవిడ ఇంకా దెప్పుతూనే ఉంది. తర్వాతి బ్యాచ్‌కి పాత పంచెలో రెండుసార్లు వడపోశా, షెడ్డులో కింద పరిచిన ఊక రోజూ తిరగేశా, పరదాలు ఎత్తి గాలి ఆడనిచ్చా, రెట్ట గట్టిపడింది. అది వాము మహిమా, ఊక ఆరినందుకా అంటే చెప్పలేను. ఊక తడిసి ముద్దయి కళ్ళు మండే వాసన వస్తుంటే మాత్రం ఏ పసరు పోసినా దండగే.

షాపులో హెర్బల్ సీసా కొన్నా, లేబుల్ మీద "మూలికల సారం" అని ఉంది, అంతే. వాములో పనిచేసేది థైమాల్, అది పంటని బట్టి, నిల్వని బట్టి మారుతుంది, మరి సీసాలో ఎంతుందో రాయకపోతే ఎన్ని నీళ్ళకి ఎంత పోయాలి? లోపల దొంగచాటుగా యాంటీబయాటిక్కే కలిపినా మాకెలా తెలుస్తుంది? రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధన సంస్థ ఉంది, వెటర్నరీ కాలేజీ ఉంది, షాపుల్లోంచి నాలుగు సీసాలు తీసి టెస్ట్ చేసి, ఏది ఎంత వాడాలో తెలుగులో ఒక్క పేజీ ఇప్పించండి. మేత బస్తా మీద కూడా ఏం కలిపారో తెలుగులో రాయమనండి. వచ్చే వారం కొత్త పిల్లలు దిగుతున్నాయి, ఆ సీసా ఇంకా మూత తీయకుండా షెడ్డు గూట్లోనే ఉంది.

ఇట్లు,
ఒక బ్రాయిలర్ రైతు