పేరు రాయొద్దన్న మా డాక్టరమ్మకు

మా డాక్టరమ్మ పోయిన శుక్రవారంతో ఓపీ చూడడం ఆపేశారు. మీ గురించి నాలుగు మాటలు రాసుకుంటానంటే "రాసుకోండి, నా పేరు మాత్రం వద్దు" అన్నారు. మొహమాటం అనుకున్నాను. కాదట. "నా పేరు చదివితే, నా గది బయట బెంచీ మీద కూర్చునేవాళ్ళు ఎందుకు కూర్చున్నారో కూడా అందరికీ తెలిసిపోతుంది" అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళనే చూసిన మనిషి మరి. అందుకే ఆమె పేరు లేదు, నా పేరూ లేదు. ఈ ఖాతా కూడా ఈ ఒక్క పోస్టు కోసం తెరిచిందే.

నేను ఆమె దగ్గరికి వెళ్ళింది 2004లో. అప్పటికి నా సీడీ4 లెక్క, అంటే రక్తంలో రోగాలతో పోరాడే ఒక రకం కణాల లెక్క, 86. మామూలుగా అయిదొందల పైన ఉండాలి. మెడ మీద గడ్డలు, టీబీ. అన్ని మందులూ ఆ రోజే మొదలుపెట్టేయమని నా ఆత్రం. ఆమె మాత్రం ముందు టీబీ మందులు, కొన్ని వారాలు ఆగి హెచ్‌ఐవీ మందులు అన్నారు. అవి మొదలుపెట్టిన మూడో వారంలో, తగ్గిందనుకున్న జ్వరం మళ్ళీ వచ్చింది. గడ్డలు ఇంకా ఉబ్బాయి. ఇక నా పని అయిపోయిందనుకుని వెళ్తే, "మందు పనిచేస్తోంది కాబట్టే ఇలా. ఇన్నాళ్ళూ మీ ఒంట్లో కాపలావాళ్ళకు సత్తువ లేదు. ఇప్పుడు లేచి, లోపల టీబీని చూసి గోల చేస్తున్నారు" అన్నారు. దానికి ఐరిస్ అనే పేరుందని చాలాకాలం తర్వాత తెలిసింది. ఆ గోల సద్దుమణగడానికి రెండు నెలలు పట్టింది.

ఇంతవరకూ ఏ మంచి డాక్టరైనా చేస్తారేమో. నేను ఇది రాస్తున్నది తర్వాత జరిగినదాని గురించి.

ఒళ్ళు కుదుటపడ్డాక నేను అబద్ధాలాడడం మొదలుపెట్టాను. హెచ్‌ఐవీ మందుల్లో రాత్రి వేసుకునే ఎఫావిరెంజ్ మాత్రతో వచ్చే కలలు పగవాడికి కూడా వద్దు. పైగా ఇంటికి ఎవరైనా వచ్చి ఉంటే మాత్రల డబ్బా బయటికి తీయడానికి భయం. వారం మానేసేవాణ్ణి, మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. "రోజూ వేసుకుంటున్నారా?" అని ఆమె అడిగితే తడుముకోకుండా "ఆఁ, రోజూ" అనేవాణ్ణి. 2007లో వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష, నిజం చెప్పేసింది. మందులన్నీ ఒకేసారి మానేసినా అన్నీ ఒకేసారి ఒంట్లోంచి పోవట. ఎఫావిరెంజ్ ఎక్కువ రోజులు రక్తంలో ఉండిపోతుంది, మిగతావి ముందే పోతాయి. ఆ ఒంటరి మందును ఎలా ఓడించాలో వైరస్ నేర్చేసుకుంటుంది. నాది నేర్చేసుకుంది.

తిడతారనుకున్నాను. ఆమె కాసేపు ఫైలు చూసి, "తప్పు నేను అడిగిన తీరులో ఉంది" అన్నారు. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా "వేసుకుంటున్నారా" అని అడగలేదు. "ఈ నెల ఎన్ని మానేశారు?" అనేవారు. ఎన్నోకొన్ని మానేయడం మనుషులకు మామూలే అన్నట్టు. మూడు అంటే మూడు రాసుకునేవారు. ఎందుకని అడిగేవారు, దాని సంగతి చూసేవారు. మందుల వరస మొత్తం మార్చేశారు. కొత్తవాటితో కడుపు పాడైంది గానీ కలలు పోయాయి. ఏడాది తిరిగేలోపు వైరస్ లెక్కకు అందనంత తగ్గింది.

ఆమె తన గురించి మాట్లాడేది తక్కువ. ఎప్పుడో ఓపీలో రద్దీ లేని రోజు నోరు విప్పేవారు. ఆమె వార్డులోకి అడుగుపెట్టేసరికి ఉన్న మందు ఒక్కటే, ఏజెడ్‌టీ. దానికి 1987లో అనుమతి వచ్చింది. మొదట్లో నాలుగు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా లేచి వేసుకోవాల్సి వచ్చేదట. కొన్ని నెలలు ఆసరాగా ఉండేది, ఆ తర్వాత వైరస్ దాన్నీ దాటేసేది. "ఏముంది అందులో, మరణ ధ్రువీకరణల మీద సంతకాలే కదా" అని తోటి డాక్టర్లు ఎగతాళి చేశారట. 1996లో మూడు మందులు కలిపి ఇవ్వడం వచ్చాక, మంచం దిగలేని మనుషులు నడిచి ఇంటికెళ్ళడం చూశారు. "చనిపోతారని చెప్పడం అప్పటికి అలవాటైపోయింది. బతుకుతారని ఎలా చెప్పాలో మాకెవరూ నేర్పలేదు" అన్నారొకసారి. ఈమధ్య మా వైరస్ కంటే మా బీపీతోనే ఆమెకు గొడవెక్కువ. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు గుండెజబ్బు ముప్పు తగ్గిస్తుందని 2023లో రిప్రీవ్ అధ్యయనం చెప్పాక, కొలెస్ట్రాల్ పెద్దగా లేని నాకు కూడా అది రాశారు.

మా ఆవిడకు హెచ్‌ఐవీ లేదు. 2011లో ఒక పెద్ద అధ్యయనం ఫలితం వచ్చింది: ముందుగా చికిత్స మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. "అంటే నాకు రాదనే కదా?" అంది మా ఆవిడ. మేము ఏ జవాబు కోసం ఎదురుచూస్తున్నామో డాక్టరమ్మకు తెలుసు. అయినా "చాలా చాలా తక్కువ. సున్నా అని మాత్రం నేనింకా అనను" అన్నారు. ఆ మాట నమ్ముకునే ముందుకు వెళ్ళాం. 2013లో పాప పుట్టింది. తల్లీబిడ్డా ఇద్దరికీ పరీక్షల్లో ఏమీ లేదు. 2016లో పార్ట్‌నర్ అధ్యయనం అచ్చయింది. వైరస్ అదుపులో ఉన్నవాళ్ళ నుంచి, కండోమ్ లేకుండా సుమారు 58,000 సార్లు కలిసినా, ఒక్కరికీ సోకలేదు. ఆ నెల నాతోపాటు మా ఆవిడను కూడా రమ్మన్నారు. "అయిదేళ్ళ కిందట మీరు అడిగిన ప్రశ్నకు జవాబు. సున్నా" అన్నారు. అది ఆమె మర్చిపోలేదు, మేమే మర్చిపోయాం.

పోయినేడాది పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ అవసరమైంది. ఏ ఆసుపత్రో చెప్పను. నా రిపోర్టు చూశాక మూడుసార్లు వాయిదా వేశారు. మేడమ్‌కు ఫోన్ చేస్తే నేరుగా సర్జన్‌తో మాట్లాడారు. గొంతు పెంచలేదు. "చెప్పుకున్నవాడికి భయపడుతున్నారు. చెప్పనివాళ్ళు, తమకే తెలియనివాళ్ళు మీ టేబుల్ మీదికి రోజూ వస్తూనే ఉంటారు కదా? అందరి రక్తాన్నీ ఒకేలా చూడాలన్న నియమం అందుకేగా పెట్టింది" అన్నారట. మర్నాడే ఆపరేషన్ జరిగింది. అయ్యేదాకా థియేటర్ బయట మా ఆవిడ పక్కనే కూర్చున్నారు. ఈ పోస్టు ఆ రోజే రాయాల్సింది. బద్ధకించాను.

చివరి రెండు నెలలూ మా ఫైళ్ళన్నీ కొత్త డాక్టరుకు అప్పజెప్పడంలోనే గడిపారు. నాది చూపించమన్నాను. ఏ ఏడు ఏ మందు మార్చారు, వైరస్ ఏ మందుకు లొంగదు, అన్నీ ఆమె చేతిరాతలోనే ఉన్నాయి. అడుగున ఒక ముక్క: "నిజం చెప్తారు. ఎన్ని మానేశారని అడగండి, మానేశారా అని కాదు."

థాంక్స్ మేడమ్. ఈ నెల ఒకటి. ప్రయాణంలో ఉండి.