బొండం నీళ్ళు అందరికీ పడవండి, ఆ ముక్క కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం,

ఎండలు మొదలయ్యాయంటే చాలు మీ పేపర్లో కొబ్బరి బొండం మీద ఏదో ఒకటి వస్తది, పొటాషియం దండిగా ఉంటది, బీపీ తగ్గుద్ది, రోజూ ఒకటి తాగండి అని. కోనసీమ వాడిగా నాకూ సంతోషమే, బొండం అమ్ముడైతే మా రైతు చేతికి నాలుగు డబ్బులొస్తాయి. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా తాగొద్దు అనే లైను మాత్రం నాకు అందులో కనపడట్లేదండి. ఆ లైను వేయమనే ఈ ఉత్తరం.

పొటాషియం మంచిదే, డౌట్ లేదు. గుండె కొట్టుకోవాలన్నా కండరం కదలాలన్నా అది కావాలి. పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 3510 మిల్లీగ్రాములు అందాలి, ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, మన ఇళ్ళల్లో చూస్తే తెల్లన్నం, ఆవకాయ, ఎండుచేపలు, అంటే ఉప్పు ఎక్కువ ఇది తక్కువ. అందుకని ఆరోగ్యంగా ఉన్నోళ్ళు అరటిపండు, ఆకుకూర, పప్పు, బొండం శుభ్రంగా తీసుకోవచ్చు, మిగిలింది కిడ్నీలే మూత్రంలో పంపించేస్తాయి.

ఆ పంపించే కిడ్నీలు పాడైతేనే వస్తది చిక్కు. రక్తంలో పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 లోపు (లీటరుకి మిల్లీమోల్స్ లెక్కన, రిపోర్ట్‌లో mmol/L అని ఉంటది) ఉండాలి, 6.5 దాటిందంటే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చు కూడా, చాలామందికి ముందు ఏమీ తెలీదు. ఒక మాదిరి బొండంలోనే 600 మిల్లీగ్రాముల దాకా ఉంటది. మా మేనత్త డయాలసిస్ మీద ఉంది, చూడ్డానికి వచ్చిన చుట్టాలంతా ప్రేమకొద్దీ బొండాలే తెచ్చేవారు, ఒకరోజు కాళ్ళు లేవట్లేదంటే నీరసం అనుకుని ఎవరో ఇంకోటి కొట్టిచ్చారు. అది నీరసం కాదండి, పొటాషియం పెరిగితే కండరాలు అలాగే పట్టు తప్పుతాయి. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేసరికి 7 దగ్గరుంది, ఈసీజీ మారిపోయింది, అప్పటికప్పుడు డయాలసిస్ చేసి బతికించారు.

బీపీ, గుండె మందుల్లో కూడా కొన్ని రక్తంలో పొటాషియాన్ని పెంచుతాయి, టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటివి (అలాగని ఎవరూ సొంతంగా మానేయకూడదు, బ్లడ్ టెస్ట్ చేయించుకోవాలంతే). ఒంట్లో నీరు తీయడానికి ఇచ్చే ఫ్రూసమైడ్ తగ్గిస్తది, అందుకే పక్కింటాయనకి డాక్టర్ బొండం తాగమన్నాడు కదా అని మనమూ తాగేస్తే కుదరదు.

ఇప్పుడు లో సోడియం ఉప్పు అని షాపుల్లో అమ్ముతున్నారు, అందులో కలిపేది పొటాషియం క్లోరైడ్, మనం అరటి తోటలకి వేసే పొటాష్‌లో ఉండేదీ అదే, కాకపోతే ఇది తినడానికి శుద్ధి చేసింది. చైనాలో 600 ఊళ్ళలో దాదాపు 21 వేల మంది మీద చూస్తే అలాంటి ఉప్పు వాడినోళ్ళలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయని 2021లో తేలింది, మంచి సంగతే, కానీ కిడ్నీ జబ్బు బాగా ముదిరినోళ్ళని అందులో చేర్చుకోలేదు. మన దగ్గర ఆ ముక్క ఎవరు చెప్తున్నారు? ప్యాకెట్ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఇంకోటి, కంద, అరటికాయ, బంగాళాదుంప మానలేకపోతే చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళలో ఉడకబెట్టి ఆ నీళ్ళు వంచేస్తే పొటాషియం కొంత తగ్గుద్ది, కొంతే, కాబట్టి ఎంత తినొచ్చో రిపోర్ట్ చూసి డాక్టరే చెప్పాలి. ఆ వంచిన నీళ్ళతో మాత్రం చారు పెట్టకండి.

ఇదంతా ఒక చిన్న బాక్స్ కట్టి బొండం వార్త పక్కనే వేయండి సార్, ఎండలు ముదరకముందే.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు,
అంబాజీపేట మండలం