పరువు పేరు చెబితే శిక్ష ఎందుకు తగ్గాలి? కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

పరువు హత్య కేసుల్లో శిక్ష ఖరారు చేసేటప్పుడు, పరువు పోయిందన్న బాధను దోషికి అనుకూలంగా లెక్కలోకి తీసుకోరాదని చట్టంలోనే రాయాలని కోరుతూ తమ కార్యాలయానికి రెండుసార్లు వినతిపత్రం పంపాను. అందినట్టు రసీదులు వచ్చాయి తప్ప జవాబు రాలేదు. అందుకే ఈసారి అందరి ఎదుటా రాస్తున్నాను.

హతుల కుటుంబాలకు తోడుగా కోర్టులకు వెళ్తుంటాను. ఒక కేసులో నేరం రుజువయ్యాక, ముద్దాయి తరఫు న్యాయవాది చాలాసేపు ఒక్కటే చెప్పారు: పెంచిన కూతురు మాట వినలేదని, ఊళ్లో తలెత్తుకోలేకపోయాడని, ఆ క్షోభను దయతో చూడాలని. చనిపోయిన అబ్బాయి తల్లి వెనక బల్ల మీద నా పక్కనే కూర్చుని అంతా విని, "ఆయన బాధ రాసుకుంటున్నారు, నా బాధ ఏ కాగితంలో రాస్తారయ్యా?" అని అడిగింది. ఆమెకు ఏం చెప్పాలో నాకు ఇవాళ్టికీ తెలియడం లేదు.

ఆ న్యాయవాదిని తప్పు పట్టలేను, చట్టమే ఆ దారి తెరిచి ఉంచింది. చెల్లెలు కులాంతర వివాహం చేసుకుందని ఆమె భర్తతో పాటు మరికొందరిని చంపిన అన్నకు పడిన ఉరిశిక్షను, కులం వల్ల అతని మీద పడిన ఒత్తిడిని కూడా గమనంలోకి తీసుకుని, 2009లో సుప్రీంకోర్టు యావజ్జీవంగా మార్చింది. అదే కోర్టు 2011లో, ఇలాంటి హత్యలను ఉరిశిక్షకు తగిన అత్యంత అరుదైన కేసులుగా చూడాలంది. ఈ రెండు తీర్పులూ ఉన్నంతకాలం ఎవరికి కావలసింది వారు చదువుతారు. నేను ఉరి వేయమని అడగడం లేదు. సుపారీ ఇచ్చి, మనుషులను కుదిర్చి, అదను చూసి చేయించిన హత్యకు తండ్రి ఆవేదన అనే పేరు పెట్టనివ్వవద్దని మాత్రమే వేడుకుంటున్నాను.

నేరాలకు శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 103(2) ఉంది కదా అంటారేమో. ఐదుగురు లేదా అంతకు మించిన గుంపు కులం వంటి కారణాలతో చంపితేనే అది వర్తిస్తుంది. తండ్రి, అన్న కలిసి ఇంట్లోనే గొంతు నులిమితే వర్తించదు. పరువు పేరిట పెళ్లిళ్లలో జోక్యాన్ని అడ్డుకునేందుకు లా కమిషన్ 2012లో 242వ నివేదికతో ఇచ్చిన ముసాయిదా బిల్లు చట్టం కాలేదు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఈ కేసుల విచారణ వీలైనంతవరకు ఆరు నెలల్లో ముగించాలంది. ఆ ఏడాది సెప్టెంబరులో జరిగిన మిర్యాలగూడ పరువు హత్యపై తీర్పు 2025 మార్చిలో వచ్చింది.

దీన్ని మూడో వినతిపత్రంగా స్వీకరించి, చట్టం సవరిస్తారో లేదో రాతపూర్వకంగా జవాబు ఇప్పించండి. ఆ తల్లికి చదివి వినిపించాలి.

ఇట్లు,
తమ విధేయుడు